ఎఫ్‌పీఎస్ కూడా మెగాపిక్సెల్ లాంటిదే: ఎయిర్ రైఫిల్ కొనే ముందు ఈ పది మీటర్ల లెక్క చూడండి

బాక్స్ మీద 200 మెగాపిక్సెల్ అని రాసుంటే మనం ఇప్పుడు పడిపోం. సెన్సర్ సైజ్ ఎంత, ఓఐఎస్ ఉందా, తక్కువ లైట్‌లో ఫోటో ఎలా వస్తోంది అని అడుగుతాం. ఇన్నేళ్లు రివ్యూలు చదివి చదివి ఆ మాత్రం తెలివి వచ్చింది. కానీ అదే మనం ఎయిర్ రైఫిల్ కొనడానికి వెళ్తే మాత్రం ఆ తెలివంతా ఇంట్లో వదిలేసి వెళ్తున్నాం. "అన్నా, ఇది ఎంత ఎఫ్‌పీఎస్?" అన్నది మొదటి ప్రశ్న. "స్కోప్ ఫ్రీగా వస్తుందా?" అన్నది రెండోది. మూడో ప్రశ్న ఉండదు.

ఇక్కడ ఎఫ్‌పీఎస్ అంటే గేమింగ్‌లో ఫ్రేమ్స్ పర్ సెకండ్ కాదు, ఫీట్ పర్ సెకండ్. పెల్లెట్ బ్యారెల్ నుంచి సెకనుకి ఎన్ని అడుగుల వేగంతో బయటికొస్తుందో చెప్పే నంబర్.

మేడ్చల్, కండ్లకోయ, శామీర్‌పేట బెల్ట్‌లో ఉండే నా ఫ్రెండ్స్‌లో, కొలీగ్స్‌లో ఈ హాబీ మీద ఇంట్రెస్ట్ బాగానే కనిపిస్తోంది. కారణాలు తెలిసినవే. ఓఆర్‌ఆర్ దాటితే ఖాళీ జాగాలు, ఫామ్ ప్లాట్లు. ధర చూస్తే ఒక మిడ్‌రేంజ్ ఫోన్ అంత. లైసెన్స్ అక్కర్లేని మోడల్స్ కూడా ఉన్నాయి. ఇంకేం, ఆదివారం ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి ఖాళీ సీసాలు పెట్టి కొట్టడం, రీల్ తీయడం.

నేను ఈ హాబీకి వ్యతిరేకిని కాదు. నేనూ షూట్ చేస్తా. నా వాదన ఒక్కటే: ఈ ఆటలో మజా పవర్‌లో లేదు. పది మీటర్ల దూరంలో ఉన్న చిన్న చుక్కని పదే పదే కొట్టడంలో ఉంది. దానికి ఫామ్‌హౌస్ అక్కర్లేదు, ఒక పొడవాటి గది చాలు. ఆ గది మన ఏరియా కాలేజీల్లో రావాలి. ఎందుకో లెక్కలతో సహా చెప్తా.

పారిస్‌లో రెండు వెండి పతకాలు

2024 పారిస్ ఒలింపిక్స్ టైమ్‌లో ఇద్దరు షూటర్లు ఇంటర్నెట్‌ని ఊపేశారు, గుర్తుందా? ఒకరు దక్షిణ కొరియాకి చెందిన కిమ్ యె-జి. కళ్లకి సైన్స్ ఫిక్షన్ సినిమాలోంచి వచ్చినట్టున్న లెన్స్ సెటప్, ముఖంలో ఏ భావమూ లేదు. ఇంకొకరు తుర్కియేకి చెందిన యూసుఫ్ డికెచ్. మామూలు కళ్లద్దాలు, టీషర్ట్, ఒక చెయ్యి జేబులో. "గేర్ లేదు, స్కిల్ మాత్రమే" అని మీమ్స్ వచ్చాయి.

ఈ మీమ్స్‌లో మిస్సయిన విషయం ఏంటంటే, ఇద్దరికీ వచ్చింది వెండి పతకమే. జులై 28న మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కిమ్‌కి, జులై 30న అదే ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్‌లో డికెచ్, ఆయన పార్ట్‌నర్ తర్హాన్‌కి. ఆ రెండు ఈవెంట్లలోనూ కాంస్యం మనదే. మొదటిది మను భాకర్, రెండోది మను, సరబ్‌జోత్ సింగ్ జోడీ.

గేర్ పెట్టుకున్నావిడకీ వెండే, పెట్టుకోనాయనకీ వెండే. మరి గేర్ వేస్టా? కాదు. డికెచ్ చేతిలో ఉన్నది కూడా పోటీ స్థాయి ఎయిర్ పిస్టలే. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ ఉన్నాయి. పైగా అది ఆయనకి ఐదో ఒలింపిక్స్, వయసు 51. జేబులో చెయ్యి కూడా స్టైల్ కోసం కాదు. ఆడని చెయ్యి కదలకుండా ఉంటే ఒళ్లు నిలకడగా ఉంటుందని పిస్టల్ షూటర్లు చాలామంది అలాగే పెట్టుకుంటారు. కిమ్ పెట్టుకున్నది కూడా షో కాదు. గురి చూడని కంటికి ఒక అడ్డు, గురి చూసే కంటి ముందు చిన్న ఐరిస్. ఫోన్ కెమెరాలో అపర్చర్ తెలిసిన మనకి ఇది ఇట్టే అర్థమవుతుంది. కన్నం చిన్నదైతే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ పెరుగుతుంది. సైటూ టార్గెటూ రెండూ కాస్త స్పష్టంగా కనిపిస్తాయి.

అంటే ఇక్కడ పనికొచ్చే ప్రతి యాక్సెసరీ ఒక నిర్దిష్టమైన తప్పుని తగ్గించడానికే ఉంది. ఏ తప్పుని తగ్గిస్తుందో చెప్పలేని యాక్సెసరీ కొనకూడదు. ఈ ఒక్క రూల్ పెట్టుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

బాక్స్ మీద నంబర్ సంగతి

ఇప్పుడు ఎఫ్‌పీఎస్‌కి వద్దాం. కొన్ని బాక్సుల మీద 1000, 1200 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ నంబర్ చాలాసార్లు తేలికపాటి అల్లాయ్ పెల్లెట్‌తో కొలిచింది. మీరు రోజూ వాడే సీసం పెల్లెట్ బరువు ఎక్కువ, వేగం తక్కువ వస్తుంది. ల్యాబ్‌లో తీసిన బెంచ్‌మార్క్ స్కోర్‌కీ, ఎండలో మ్యాప్స్ పెట్టుకుని బైక్ మీద వెళ్తున్నప్పుడు ఫోన్ పనితీరుకీ ఉన్నంత తేడా.

అసలు చూడాల్సింది ఎనర్జీ. ఇంటర్ ఫిజిక్స్ ఫార్ములానే: సగం ఇంటూ మాస్ ఇంటూ వేగం వర్గం. పోటీల్లో వాడే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ బరువు దాదాపు 0.53 గ్రాములు. పోటీ రైఫిల్ దాన్ని సెకనుకి సుమారు 175 మీటర్ల వేగంతో పంపుతుంది. లెక్కేస్తే 8 జౌల్స్. ఎఫ్‌పీఎస్‌లో చెప్పాలంటే 570 చిల్లర. ఒలింపిక్ గోల్డ్ గెలిచే రైఫిల్ స్పెక్ ఇది. మన రీల్స్ బ్యాచ్ చూస్తే "అంతేనా?" అంటారు.

ఇక్కడే చట్టం కూడా వస్తుంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఎయిర్ గన్ ఎనర్జీ 20 జౌల్స్ దాటినా, బోర్ 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటినా లైసెన్స్ కావాలి. 0.53 గ్రాముల పెల్లెట్‌తో 20 జౌల్స్ అంటే సెకనుకి సుమారు 275 మీటర్లు, 900 ఎఫ్‌పీఎస్. అదే పెల్లెట్‌ని నిజంగా 1000 ఎఫ్‌పీఎస్‌తో పంపే గన్ అయితే 24 జౌల్స్ దాటిపోతుంది. కాబట్టి "లైసెన్స్ అక్కర్లేదు, 1200 ఎఫ్‌పీఎస్" అని ఎవరైనా అమ్ముతుంటే రెండే అవకాశాలు. నంబర్ అబద్ధం, లేకపోతే లైసెన్స్ అక్కర్లేదన్న మాట అబద్ధం. ఇక .22 బోర్ అయితే వేగం ఎంతైనా లైసెన్స్ తప్పదు. షాపువాడు "అందరూ కొంటున్నారు బ్రో" అన్నాడని నమ్మకండి. రేపు స్టేషన్‌లో నిలబడేది మీరు, షాపువాడు కాదు.

పోనీ చట్టం పక్కన పెడదాం. ఎక్కువ వేగంతో గురి అయినా మెరుగవుతుందా? అదీ లేదు. ధ్వని వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు, అంటే 1125 ఎఫ్‌పీఎస్. పెల్లెట్ ఆ వేగం దగ్గరికి వెళ్లేకొద్దీ గాల్లో అస్థిరంగా తయారవుతుంది. షాట్లు దగ్గర దగ్గరగా పడకుండా చెల్లాచెదురవుతాయి. చీప్ స్పీకర్‌లో వాల్యూమ్ 100 పెడితే ఏమవుతుందో తెలుసుగా, అదే కథ.

ఒక్క మిల్లీమీటర్ ఖరీదు

మరి గురి ఎక్కడ పోతోంది? ఎయిర్ పిస్టల్ తీసుకుందాం. వెనక సైట్‌లో ఒక గాడి, ముందు సైట్‌లో ఒక పలక. రెండింటి మధ్య దూరం 300 మిల్లీమీటర్లు అనుకుందాం. ముందు పలక గాడి మధ్యలోంచి ఒక్క మిల్లీమీటర్ పక్కకి జరిగితే, 10 మీటర్ల దూరంలో టార్గెట్ మీద 33 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. ఎయిర్ పిస్టల్ కార్డ్ మీద ఒక్కో రింగ్ వెడల్పు 8 మిల్లీమీటర్లు. 10 రావాల్సిన చోట 6 వస్తుంది.

అదే చెయ్యి మొత్తం, సైట్లు సరిగ్గా లైన్‌లోనే ఉండి, ఒక మిల్లీమీటర్ పక్కకి జరిగితే? టార్గెట్ మీద కూడా ఒక్క మిల్లీమీటరే. మళ్లీ 10. చెయ్యి వణుకుతోందని కంగారుపడే కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇదే. వణుకు అందరికీ ఉంటుంది. కొంప ముంచేది వణుకు కాదు, సైట్లు లైన్ తప్పడం. సైట్లు లైన్ తప్పేది ట్రిగర్‌ని గట్టిగా లాగినప్పుడు.

అందుకే కోచ్‌లు టార్గెట్‌ని కాదు, ముందు సైట్‌ని చూడమంటారు. ముందు సైట్ షార్ప్‌గా, టార్గెట్ మసకగా కనిపించాలి. సింపుల్‌గా పోర్ట్రెయిట్ మోడ్ అనుకోండి. సబ్జెక్ట్ ముందు సైట్, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ టార్గెట్. చాలామంది ఇది రివర్స్‌లో చేస్తారు.

రైఫిల్‌లో అయితే ఇంకా కఠినం. 10 మీటర్ల రైఫిల్ కార్డ్‌లో 10 పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటర్. సిమ్ ట్రే పిన్ మొన కన్నా సన్నం. 60 షాట్లు, 75 నిమిషాలు. ప్రతి షాట్‌కి గరిష్ఠంగా 10.9, మొత్తం 654. ఇంత చిన్న చుక్క కొట్టడానికి వాడేది స్కోప్ కూడా కాదు, ఒలింపిక్ రైఫిల్ ఈవెంట్లలో టెలిస్కోప్ సైట్లు నిషిద్ధం. వెనక చిన్న కన్నం, ముందు ఒక రింగ్. పిన్‌హోల్ కెమెరా సూత్రం, అంతే.

ఇంకో సంగతి, లేటెన్సీ. ట్రిగర్ నొక్కాక పెల్లెట్ 10 మీటర్లు వెళ్లడానికి సుమారు 60 మిల్లీసెకన్లు పడుతుంది. 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో అది దాదాపు 14 ఫ్రేములు. ఇందులో పెల్లెట్ బ్యారెల్‌లోనే ఉండే ఆ మొదటి కొన్ని మిల్లీసెకన్లలో గన్ కదిలితే షాట్ పోయినట్టే. అందుకే షాట్ అయిపోయాక కూడా ఒక సెకను అలాగే ఉండమంటారు, దాన్నే ఫాలో త్రూ అంటారు. నైట్ మోడ్ ఫోటో తీసేటప్పుడు ఫోన్ వెంటనే దించేస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

ఏది కొనాలి, ఏది వద్దు

ఇప్పుడు యాక్సెసరీల సంగతి. పైన చెప్పిన రూల్ గుర్తుందిగా: ఏ తప్పుని తగ్గిస్తుంది?

స్కోప్: మొదటి ఏడాది వద్దు. మామూలు రైఫిల్ స్కోప్‌లలో చాలావాటి ఫోకస్ 100 గజాల దగ్గర సెట్ చేసి ఉంటుంది. 10 మీటర్లకి చూస్తే మసక, పైగా కన్ను కొంచెం జరిగితే గురి జరిగిపోతుంది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మీద పెడితే ఇంకో ప్రమాదం. పిస్టన్ వల్ల గన్ ముందు వెనక్కి, వెంటనే ముందుకి కొడుతుంది. ఎయిర్ గన్ కోసం తయారు కాని స్కోప్ ఆ రెండు దెబ్బలకి లోపల లూజ్ అయిపోతుంది. ఫ్రీగా వచ్చే స్కోప్, ఫోన్‌తో ఫ్రీగా వచ్చే ఇయర్‌ఫోన్స్ లాంటిది.

లేజర్, టాక్టికల్ రెయిల్, బైపాడ్: ఇవి తగ్గించే తప్పు ఏమీ లేదు. కేవలం రీల్ కోసం. స్కిప్.

పెల్లెట్లు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. ముందు భాగం చదునుగా ఉండే మ్యాచ్ పెల్లెట్లు పేపర్‌కి పంచింగ్ మెషిన్‌లా శుభ్రమైన రంధ్రం చేస్తాయి, స్కోర్ స్పష్టంగా తెలుస్తుంది. ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో పెల్లెట్ బాగా పడుతుంది. రెండు మూడు రకాల డబ్బాలు తెచ్చి గన్‌ని రెస్ట్ మీద పెట్టి ఐదేసి షాట్లు కొట్టి చూడండి. నొక్కుకుపోయిన పెల్లెట్లు పక్కన పడేయండి. ఇవి సీసంతో చేసినవి కాబట్టి షూటింగ్ మధ్యలో చిప్స్ తినడాలు వద్దు, అయిపోయాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

గన్: స్ప్రింగ్ మోడల్ చవక, మెయింటెనెన్స్ తక్కువ. కానీ ఎలా పట్టుకుంటే అలా షాట్ మారుతుంది. కంప్రెస్డ్ ఎయిర్ సిలిండర్ ఉండే పీసీపీ మోడల్‌లో కుదుపు దాదాపు ఉండదు, నేర్చుకోవడం తేలిక. మన దేశంలోనే ప్రీసీహోల్ లాంటి కంపెనీలు రెండు రకాలూ చేస్తున్నాయి. వాల్థర్, ఫైన్‌వెర్క్‌బావ్, స్టైర్ లాంటి పోటీ రైఫిల్స్ లక్షల్లో ఉంటాయి, వాటి జోలికి ఇప్పుడే వద్దు. సెకండ్ హ్యాండ్ పీసీపీ తీసుకుంటుంటే సిలిండర్ మీద తేదీ తప్పకుండా చూడండి. పోటీ గన్స్ సిలిండర్లకి సాధారణంగా పదేళ్ల గడువు ఉంటుంది. పాత ఫోన్ కొనేటప్పుడు బ్యాటరీ హెల్త్ చూస్తాం కదా, అలాగే. తేడా ఏంటంటే ఇందులో ఉండేది 200 బార్ ప్రెషర్.

సెన్సర్లు: బ్యారెల్ కింద బిగించి బ్లూటూత్‌తో ఫోన్‌కి కనెక్ట్ అయ్యే మాంటిస్ లాంటి సెన్సర్లు ట్రిగర్ నొక్కే క్షణంలో గన్ ఎటు కదిలిందో గ్రాఫ్ వేసి చూపిస్తాయి. స్కాట్ అనే ఆప్టికల్ ట్రైనర్ అయితే షాట్‌కి ముందు సెకన్లలో గురి టార్గెట్ మీద ఎలా తిరిగిందో గీతలా గీసి చూపిస్తుంది, టాప్ షూటర్లు వాడేది ఇదే. ఇవి నిజంగా తప్పుని పట్టిస్తాయి. కానీ ఖరీదు. క్లబ్‌లో నలుగురు కలిసి ఒకటి కొంటే న్యాయం.

మీ ఫోన్: ఇదే బెస్ట్ వాల్యూ గ్యాడ్జెట్, ఆల్రెడీ మీ దగ్గరే ఉంది. పక్కన ట్రైపాడ్ మీద పెట్టి స్లో మోషన్‌లో మీ ట్రిగర్ వేలిని తీయండి. వేలు నిదానంగా వెనక్కి వస్తోందా, చటుక్కున లాగుతోందా అన్నది పది షాట్లలో తెలిసిపోతుంది. ప్రతి కార్డ్ ఫోటో తీసి తేదీతో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. షాట్లన్నీ ఒకే వైపు పడుతుంటే సైట్ సెట్టింగ్, చెల్లాచెదురుగా పడుతుంటే మీ టెక్నిక్. డీబగ్గింగ్‌లో లాగే, ముందు బగ్ రిపీట్ అవుతోందా లేదా చూడాలి.

డ్రై ఫైర్: పెల్లెట్ లేకుండా ట్రిగర్ ప్రాక్టీస్. ఖర్చు సున్నా, లాభం అన్నిటికన్నా ఎక్కువ. అయితే డ్రై ఫైర్ సౌకర్యం ఉన్న గన్స్‌తోనే. స్ప్రింగ్ గన్‌ని పెల్లెట్ లేకుండా పేలిస్తే పిస్టన్ వెళ్లి డైరెక్ట్‌గా గుద్దుకుంటుంది, గన్ పాడవుతుంది.

కళ్లద్దాలు, పెల్లెట్ ట్రాప్: ఇవి ఆప్షనల్ కాదు. పెల్లెట్ ఆగే చోటు ముందు సిద్ధం చేసుకున్నాకే గన్ బయటికి తీయాలి. గోడ మీదా, రాయి మీదా కొడితే తిరిగొస్తుంది. మీ కళ్లద్దాలకి రెండో కంటి వైపు ఒక స్కాచ్ టేప్ ముక్క అంటించండి, కిమ్ పెట్టుకున్న అడ్డు పని ఫ్రీగా అయిపోతుంది.

శామీర్‌పేటలో ఖాళీ జాగా ఖాళీ కాదు

"ఇదంతా సరే, మా ఫ్రెండ్ ప్లాట్ ఉంది, ఊరి బయట, ఎవరూ ఉండరు" అంటారు. నాకు అసలు అభ్యంతరం ఇక్కడే.

ఎయిర్ గన్ పెల్లెట్ గాల్లోకి పోతే కొన్ని వందల మీటర్లు వెళ్లగలదు. మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో కొన్ని వందల మీటర్ల దూరంలో ఎవరూ లేని చోటు నిజంగా ఎక్కడుంది? గొర్రెలు కాసేవాళ్లు, కూరగాయల తోటల్లో కూలికొచ్చిన ఆడవాళ్లు, వెంచర్ దగ్గర వాచ్‌మెన్ కుటుంబం, చెరువు గట్టు మీద చేపలు పట్టేవాళ్లు. కాంపౌండ్ వాల్ మనకి కనిపించే సరిహద్దు, పెల్లెట్‌కి కాదు. 8 జౌల్స్ పెల్లెట్ కూడా కన్ను పోగొట్టగలదు.

రెండోది పక్షులు. శామీర్‌పేట చెరువు, పక్కనే డీర్ పార్క్. నెమళ్లు, కొంగలు, చలికాలంలో వచ్చే నీటి పక్షులు. సీసాలు కొట్టి బోర్ కొట్టాక తీగ మీద వాలిన పావురం మీదకి గురి వెళ్లడం ఎంతసేపు? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 ప్రకారం వేట నేరం. గన్‌కి లైసెన్స్ అక్కర్లేకపోవడం అంటే వేటకి లైసెన్స్ ఇచ్చినట్టు కాదు. అరుణాచల్ ప్రదేశ్‌లో ఈ సమస్య ఎంత ముదిరిందంటే, 2021లో అక్కడ ఎయిర్ గన్స్ స్వచ్ఛందంగా అప్పగించమని ప్రత్యేకంగా ఉద్యమమే మొదలుపెట్టారు. మన దగ్గర అంతదాకా వస్తే దెబ్బ తినేది సరిగ్గా ఆడేవాళ్లే. ఒక్క నెమలి వీడియో వైరల్ అయితే చాలు, మొత్తం హాబీకే తలుపులు మూసుకుంటాయి.

మూడోది, దూరం నుంచి చూసేవాళ్లకి అది ఎయిర్ గన్నో అసలు గన్నో తెలీదు. హకీంపేటలో ఎయిర్ ఫోర్స్ స్టేషన్ ఉంది, సీఐఎస్ఎఫ్ అకాడమీ ఉంది. ఆ చుట్టుపక్కల రోడ్ల మీద రైఫిల్ భుజాన వేసుకుని రీల్ తీస్తే లైకుల కన్నా ముందు పెట్రోలింగ్ వెహికల్ వస్తుంది.

పది మీటర్ల గది చాలు

అందుకే నా అసలు డిమాండ్‌కి వస్తా. 10 మీటర్ల రేంజ్ అంటే చాలామంది ఊహించుకునేది ఏదో పోలీస్ ఫైరింగ్ గ్రౌండ్. నిజానికి షూటర్ నిలబడే చోటు నుంచి టార్గెట్‌కి 10 మీటర్లు, వెనక నిలబడడానికి మూడు నాలుగు మీటర్లు, ఒక్కో లేన్‌కి ఒక మీటర్ వెడల్పు. 14 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న హాల్‌లో ఐదు లేన్లు హాయిగా పడతాయి. టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ వెలుతురు, వెనక పెల్లెట్ ట్రాప్‌లు, ఒక లాకర్, ఒక కోచ్. ఏ ఇంజినీరింగ్ కాలేజీలో వాడకుండా పడున్న సెమినార్ హాల్ లేదు చెప్పండి?

హైదరాబాద్‌లో పేరున్న రేంజ్ గచ్చిబౌలి వైపు, సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉంది. శామీర్‌పేట ఎగ్జిట్ నుంచి అక్కడికి వెళ్లాలంటే 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్‌లో దాదాపు మూడో వంతు చుట్టాలి. గంట ప్రాక్టీస్ కోసం క్లాసులున్న స్టూడెంట్ అంత దూరం వారానికి మూడుసార్లు వెళ్తాడా? వెళ్లడు. ఫ్రెండ్ ప్లాట్‌కి వెళ్తాడు. సమస్య కుర్రాళ్లు చెడిపోవడం కాదు, దగ్గర్లో మంచి చోటు లేకపోవడం.

మన సిటీకి ఈ ఆటలో ఉన్న చరిత్ర చూస్తే ఇంకా బాధేస్తుంది. 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడే. 2018లో 13 ఏళ్లకే నేషనల్ ఛాంపియన్ అయిన ఈషా సింగ్ హైదరాబాదీ. హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. మొదట్లో ఆమె ప్రాక్టీస్ కోసం వాళ్ల నాన్న ఇంట్లోనే పేపర్ టార్గెట్ రేంజ్ ఏర్పాటు చేశారు. పుట్టుకతో వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ కూడా ఇక్కడివాడే. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో, మళ్లీ 2025లో టోక్యోలో, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణాలు గెలిచాడు. ఒక ఇంట్లో రేంజ్ పట్టినప్పుడు వేల మంది చదివే క్యాంపస్‌లో పట్టదా?

"కాలేజీలో గన్స్ ఏంటి, పేరెంట్స్ ఒప్పుకుంటారా?" అన్నది న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా ఉంది. ఎన్‌సీసీ కేడెట్లు ఎప్పటి నుంచో రైఫిల్ ఫైరింగ్ చేస్తున్నారు. రేంజ్‌లో గన్ బయటికి వెళ్లదు, లాకర్‌లో ఉంటుంది. షూటింగ్ లేనప్పుడు బ్యారెల్‌లోంచి రంగు దారం కనిపిస్తూ ఉండాలి, అంటే ఖాళీ అని అర్థం. కోచ్ చెప్పేదాకా ఎవరూ గన్ ముట్టుకోరు. ప్లాట్‌లో ఈ మూడింట్లో ఒక్కటీ ఉండదు. గన్స్ వద్దనుకునే పేరెంట్‌కి ఏది భయం కలిగించాలి? తాళం, రిజిస్టర్, కోచ్ ఉన్న గదా, ఎవరూ చూడని ప్లాటా?

"ఖర్చు" అంటారా? ఇక్కడే మనలాంటివాళ్ల పని ఉంది. ఎలక్ట్రానిక్ టార్గెట్ అన్నది ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌గా సరిగ్గా సరిపోతుంది. టార్గెట్ నాలుగు మూలలా మైకులు, పెల్లెట్ తగిలిన శబ్దం ఒక్కో మైక్‌కి చేరే టైమ్‌లో తేడా, దాన్నుంచి పొజిషన్ లెక్క. అర మిల్లీమీటర్ దూరం వెళ్లడానికి శబ్దానికి సుమారు ఒకటిన్నర మైక్రోసెకన్లు పడుతుంది, అంటే టైమర్ ఆ మాత్రం ఖచ్చితంగా ఉండాలి. ఇప్పటికే ఓపెన్ సోర్స్ డిజైన్లు ఉన్నాయి. ప్రతి సంవత్సరం అదే అటెండెన్స్ సిస్టమ్, అదే స్మార్ట్ డస్ట్‌బిన్ ప్రాజెక్టులు సబ్మిట్ చేసేకన్నా ఇది వెయ్యి రెట్లు నయం. బిట్స్ హైదరాబాద్ క్యాంపస్ నుంచి కండ్లకోయ, మైసమ్మగూడ కాలేజీల దాకా ఇది చేయగల పిల్లలు వేలల్లో ఉన్నారు. కొనుక్కుంటే ఖరీదైన గ్యాడ్జెట్, తయారు చేస్తే రెజ్యూమెలో ఒక మంచి లైన్.

నా వెర్డిక్ట్

ఈ హాబీ మొదలుపెట్టాలనుకుంటే కొనే వరుస ఇది. మొదట రేంజ్‌లోనో అకాడమీలోనో కొన్ని సెషన్లు, వాళ్ల గన్‌తోనే. తర్వాత కళ్లద్దాలు, పెల్లెట్ ట్రాప్. ఆ తర్వాత 20 జౌల్స్ లోపు 4.5 మిల్లీమీటర్ల ఓపెన్ సైట్ గన్, బిల్లుతో, ఐడీ ప్రూఫ్ ఇచ్చి. ఆపైన మంచి పెల్లెట్లు. స్కోప్ చివర, అది కూడా అవసరం అనిపిస్తేనే. ఇప్పటికే హై పవర్ గన్ కార్ట్‌లో పెట్టుకున్నవాళ్లు ఆ డబ్బుని సెషన్లకీ పెల్లెట్లకీ మార్చండి. ఆరు నెలల తర్వాత మీ కార్డ్ ఫోటోలు చూసుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

ఇక కాలేజీలో ఉన్నవాళ్లకి ఒక పని. పది మంది సంతకాలతో ఫిజికల్ డైరెక్టర్ దగ్గరికి ఒక లెటర్ పట్టుకెళ్లండి. హాల్ కొలతలు, లేన్ల లెక్క, లాకర్ ప్లాన్, సేఫ్టీ రూల్స్ అన్నీ రెండు పేజీల్లో రాసి. మొదటిసారి వద్దంటారు. రెండోసారి ఒక లేన్ డెమో అడగండి. పది మీటర్లే కదా.